రాసినవి పోగొట్టుకోకండి, ఈరోజే ఫైలు కట్టండి

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ దగ్గర ఒక డీటీపీ సెంటర్‌లో తెలుగు టైపు చేస్తాను. పెళ్లి కార్డులు, కరపత్రాలు, కాలేజీ ప్రాజెక్టు రిపోర్టులు మా రోజువారీ పని. వాటితోపాటు ఈ ఊళ్లో రాసే అలవాటున్నవాళ్లు చాలామంది మా దగ్గరికి వస్తారు. కథల పుస్తకం వేసుకోవాలనుకునే రిటైర్డ్ మాస్టార్లు, పోర్టులోనో స్టీల్‌ప్లాంటులోనో పనిచేస్తూ కవిత్వం రాసేవాళ్లు, రేడియో ప్రసంగాలు టైపు చేయించుకునే గృహిణులు. ఈమధ్య వీళ్లకి ఇంకో గుంపు తోడైంది. "ఉద్యోగానికి అప్లై చేస్తున్నాం మేడమ్, పోర్ట్‌ఫోలియో అడిగారు, చేసిపెట్టండి" అంటూ వచ్చే పిల్లలు. పోర్ట్‌ఫోలియో అంటే తాము రాసినవాటిలోంచి ఏరి పెట్టిన ఫైలు. జర్నలిజం చదివినవాళ్లు, తెలుగు ఎం.ఏ. చేసినవాళ్లు, ఇంజినీరింగ్ అయిపోయాక మధురవాడ వైపు కంపెనీల్లో కంటెంట్ రైటర్ ఉద్యోగానికి తిరుగుతున్నవాళ్లు. వీళ్ల గురించి, వీళ్ల విషయంలో మీలాంటి పత్రికలు చేయగలిగిన పని గురించి రాస్తున్నాను. దయచేసి అచ్చు వేయండి.

"ఏం రాశావమ్మా, చూపించు" అని అడిగితే చాలామంది దగ్గర చూపించడానికి రాత ఉండదు. వ్యాసరచన పోటీలో మొదటి బహుమతి వచ్చిందని సర్టిఫికెట్ ఉంటుంది. లామినేషన్ చేయించి భద్రంగా పెట్టుకుంటారు. ఆ వ్యాసం ఎక్కడుందంటే మాత్రం తెలియదు. పోటీ పెట్టినవాళ్లు తీసుకున్నారు, తిరిగి ఇవ్వలేదు, వీళ్లూ అడగలేదు. పత్రికలో ఫలానా ఐటమ్ నాదే అంటారు. ఫోన్‌లో దాని ఫొటో ఉంటుంది, అందులో పత్రిక పేరు ఉండదు, తేదీ ఉండదు, చివరి రెండు వరుసలు పేపర్ మడతలోకి పోయి ఉంటాయి. ఉద్యోగం ఇచ్చేవాళ్లు చదవాలనుకునేది ఆ వ్యాసాన్నీ ఆ ఐటమ్‌నీ. బహుమతి వచ్చిందన్న సంగతి వాళ్లకి రెండో విషయం. వ్యాసం పారేసి సర్టిఫికెట్ దాచుకోవడం ఎంత నష్టమో ఇంటర్వ్యూ ముందురోజు సాయంత్రం వీళ్ల ముఖాలు చూస్తే తెలుస్తుంది. ఆ టెన్షన్‌లో కూర్చుని అప్పటికప్పుడు ఏదో కొత్తగా రాసి, పాతదని చెప్పి పెట్టేద్దామా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వద్దని చెబుతాను.

గాజువాక నుంచి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఒక పత్రిక జిల్లా పేజీలకి కంట్రిబ్యూటర్‌గా రాసేది. ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారుజామున చేపలు వేలం పాడుకుని బుట్టల్లో ఊళ్లోకి తెచ్చి అమ్మే ఆడవాళ్ల మీద, వేటనిషేధం నెలల్లో వాళ్ల ఇళ్లు ఎలా గడుస్తాయన్నదాని మీద మంచి కథనాలు రాసింది. బైలైన్, అంటే రాసినవాళ్ల పేరు, లేదు. అచ్చయిన ముక్కల కటింగులు కాగితానికి అంటించి, డబ్బు లెక్క కోసం నెలనెలా ఆఫీసుకి పంపేసేది. అంటే ఉన్న ఒక్క కాపీ కూడా చేతిలోంచి పోయేది. ఈ-పేపర్‌లో వెతికితే అంత పాత జిల్లా పేజీలు తెరుచుకోలేదు. లైబ్రరీలో అడిగితే మెయిన్ పేపర్ బైండింగ్ ఉంది, జిల్లా పేజీలు లేవన్నారు. ఇక ఏమీ లేదనుకుని ఏడుపు ముఖంతో కూర్చుంది. అప్పుడు ఆమె మెయిల్ తెరిపించాను. పత్రికలో కాపీలు దిద్దే డెస్క్‌కి పంపిన ప్రతి కాపీ సెంట్ మెయిల్‌లో తేదీ, టైముతో సహా ఉంది. ఫొటోల కింద రాసిన రెండు వాక్యాలతో సహా ఉంది. దాన్నిబట్టి ఏ రోజు పేపర్లో వచ్చి ఉంటుందో లెక్క కట్టి, తెలిసినవాళ్ల ఇళ్లల్లో పాత పేపర్లు వెతికితే కొన్ని అచ్చు ప్రతులు కూడా దొరికాయి. ఆ ఫైలు పట్టుకుని వెళ్లింది. ఉద్యోగం రావడం రాకపోవడం వేరే సంగతి, ఈ రాతలు నావి అని ధైర్యంగా చెప్పుకోగలిగింది.

అందుకని రాసేవాళ్లందరికీ మొదట చెప్పే మాట ఇది: అచ్చయిన రోజే పేజీ మొత్తం దాచండి. మీ ఐటమ్ ఒక్కటే కత్తిరిస్తే పైనున్న తేదీ, ఎడిషన్ పేరు, పేజీ నంబరు పోతాయి. కత్తిరించక తప్పకపోతే వెనకాల పెన్సిల్‌తో ఆ మూడూ రాయండి. స్టాప్లర్ పిన్ను కొట్టకండి. మనది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు, ఒక్క వానాకాలం గడిచేసరికి పిన్ను తుప్పు పట్టి కాగితానికి చిల్లు పెడుతుంది. సెలోటేపు అంటించినచోట గోధుమరంగు మరక తేలి అక్షరాలు పోతాయి. న్యూస్‌ప్రింట్ ఎలాగూ పసుపెక్కి పెళుసవుతుంది. కాబట్టి పేపర్ కొత్తగా ఉన్నప్పుడే మంచి తెల్లకాగితం మీద జిరాక్స్ తీయించి, ఒక స్కాన్ కూడా ఉంచుకోండి. స్కాన్ చేసేటప్పుడు కటింగ్ వెనక నల్లకాగితం పెడితే అవతలి పేజీ అక్షరాలు ఇవతలికి కనపడవు. స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే డీపీఐ అంకె మూడొందలు పెట్టమని షాపువాళ్లని అడగండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అక్షరాలు నలిగిపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి.

జిరాక్స్ గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఎన్ని కిటికీలు పగిలాయో, ఎన్ని ఇళ్లల్లోకి వాన కొట్టిందో ఇక్కడివాళ్లెవరూ మరిచిపోరు. తుపాను వెళ్లాక సీతమ్మధారలో ఉండే ఒక మాస్టారు రెండు గోనెసంచుల కాగితాలు మా షాపుకి తెచ్చారు. చిన్నప్పటి నుంచి రాసుకున్న కథలు, రేడియోకి చదివిన ప్రసంగాలు, వారపత్రికల కటింగులు. కరెంటు లేదు, ఫ్యాను కింద ఆరబెట్టే వీలు లేదు. ఆయన మనవలు, నేను, మా షాపు కుర్రాడు కలిసి మేడమీద తాళ్లు కట్టి ఒక్కొక్క కాగితం ఆరేశాం. ఇంకుపెన్నుతో రాసినవి నీలం చారలై మిగిలాయి. ఇంక్‌జెట్ ప్రింట్లు అంతే. బాల్‌పెన్నుతో రాసినవి చాలావరకు చదవగలిగాం. జిరాక్స్ ప్రతులు మాత్రం ముడతలు పడ్డాయి కానీ ఒక్క అక్షరం కరగలేదు, ఆ నలుపు పొడి నీళ్లకి కరిగేది కాదు. ఆయన పుస్తకంలోకి చివరికి ఎక్కింది జిరాక్స్ ఉన్న కథలు, బాల్‌పెన్నుతో రాసుకున్నవి. ఆయన తన రాతల్లోకెల్లా మంచిదని చెప్పే నాటిక ఇంకుపెన్నుతో రాసింది. అది పోయింది. తిరిగి రాయమంటే "అప్పటి వయసు ఎక్కడినుంచి తేనమ్మా" అన్నారు.

ఇప్పుడు నా పనికి సంబంధించిన విషయం. దీని గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు కానీ తెలుగులో రాసేవాళ్లకి ఇది చాలా ముఖ్యం. మా డీటీపీ వాళ్లం చాలాకాలం అను ఫాంట్లలో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాం, ఇప్పటికీ చాలాచోట్ల అదే నడుస్తోంది. ఆ ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాలకీ గుర్తులకీ ఉండాల్సిన స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చోబెట్టారు. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో చక్కని తెలుగు కనిపిస్తుంది. లేని కంప్యూటర్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలు, డాలరు గుర్తులు, చుక్కలు కలగలిసి పిచ్చిగీతల్లా ఉంటుంది. యూనికోడ్ అనే పద్ధతిలో అలా కాదు, ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన నంబరు ఉంది. ఏ ఫోన్‌లో తెరిచినా తెలుగే. వెతికితే దొరుకుతుంది, కాపీ చేస్తే వస్తుంది. పుస్తకం వేసుకున్న రచయితలు చాలామంది షాపువాళ్ల దగ్గర సీడీలోనో పెన్‌డ్రైవ్‌లోనో అను ఫైలు తీసుకుని, అంతా భద్రం అనుకుంటున్నారు. షాపు మూతపడితే, ఆపరేటర్ మారితే, ఆ సాఫ్ట్‌వేర్ కొత్త కంప్యూటర్‌లో ఎక్కకపోతే ఆ ఫైలు తెరిచే దిక్కుండదు. కాబట్టి పుస్తకం వేయించుకునే ప్రతి ఒక్కరూ మూడు అడగాలి: పేజ్‌మేకర్ ఫైలు, పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన ప్రతి. మూడోది అడిగితే కొందరు ఆపరేటర్లు విసుక్కుంటారు. డబ్బు కొంచెం ఎక్కువైనా ఇచ్చి చేయించుకోండి. మార్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కానీ వాటిని నమ్మి వదిలేయకూడదు. వత్తులు ఎగిరిపోతాయి, కొటేషన్ గుర్తులు ఇంకేదో అవుతాయి, అంకెలు తారుమారవుతాయి. ప్రింటు పక్కన పెట్టుకుని ఒకసారి మొత్తం చదవాల్సిందే. ఫాంట్లు బాగుండవన్న మాట కూడా ఇప్పుడు చెల్లదు. గిడుగు, గురజాడ, మండలి, సూరన్న అని మన పెద్దల పేర్లతోనే మంచి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

దాచడం ఒక పని అయితే, అందులోంచి ఏరడం ఇంకో పని. పిల్లలు ఈ రెంటినీ కలిపేస్తారు. ఇంట్లో ఫైలులో అన్నీ ఉండాలి, ఉద్యోగానికి పంపే ఫైలులో కొన్నే ఉండాలి. ఎనిమిదో పదో చాలు. ఎంపిక చేసేవాళ్లు మొదటి రెండు చదివాకే మిగతావి చూడాలా వద్దా అనుకుంటారు, అందుకని అన్నిటికన్నా మంచిది ముందుండాలి, పాతదా కొత్తదా అన్నది తర్వాత. ఏ ఉద్యోగానికి వెళ్తున్నారో దాన్నిబట్టి మార్చుకోవాలి. న్యూస్ ఛానల్‌కి వెళ్లేవాడు ఎనిమిది పేజీల సాహిత్య వ్యాసం పెడితే ఎవరు చదువుతారు? చదివి వినిపించగలిగే చిన్న వాక్యాల బులెటిన్ ఒకటి రాసి పెట్టాలి. యాడ్ ఏజెన్సీకైతే కరపత్రం మాటలు, హోర్డింగ్ మాటలు. అనువాదానికైతే మూలం, తెలుగు పక్కపక్కన ఉండాలి, ఒక్క తెలుగే పెడితే మీ పని ఎంతో ఎవరికీ తెలియదు. అనుభవం లేనివాళ్లు దిగులుపడక్కర్లేదు. పత్రికలో రాకపోయినా, మీ వీధి నీళ్ల సమస్య మీద కమిషనర్‌కి రాసిన అర్జీ బాగుంటే అదీ రాతే, పెట్టండి.

ప్రతి రాత పైన రెండు మూడు వాక్యాలు ఉండాలి: ఎప్పుడు, ఎవరి కోసం రాశాను, ఇందులో నా పని ఎంత. ఈ చివరిది చాలా అవసరం. పత్రికలో శీర్షిక డెస్క్ పెడుతుంది, మొదటి పేరా మారుస్తుంది. ఇద్దరు కలిసి రాసినవి ఉంటాయి. ఉన్నది ఉన్నట్టు చెబితే ఎవరూ తక్కువగా చూడరు. కంప్యూటర్ చేత రాయించి పేరు పెట్టుకున్న కాపీలు కూడా ఈమధ్య నా దగ్గరికి వస్తున్నాయి. అన్నీ ఒకే గొంతులో ఉంటాయి, నాలాంటి టైపిస్టుకే తెలిసిపోతుంది. ఇంటర్వ్యూలో ఒక పేరా ఇప్పుడే రాయమంటే ఏం చేస్తారు? ఇంకో జాగ్రత్త. కంపెనీలో పనిచేస్తూ రాసిన లోపలి కాగితాలు, బయటపెట్టనని సంతకం చేసినవి ఫైలులో పెట్టకూడదు. అలాంటి చోట అదే తరహాలో సొంతంగా ఒక నమూనా రాసి, ఇది నమూనా అని పైన వేసుకోవాలి.

డెస్క్ దిద్దిన ప్రతితోపాటు మీ మొదటి చిత్తుప్రతి కూడా ఇంట్లో దాచమని చెబుతుంటాను. మన ప్రాంతంలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. గురజాడ వారి కన్యాశుల్కం 1897లో ఒకసారి అచ్చయింది, బాగా మార్చి, పెంచాక 1909లో మళ్లీ అచ్చయింది. రెండూ మిగిలి ఉన్నాయి కాబట్టే ఒక రచయిత తన రచనని తానే ఎంత తిరగరాశాడో ఇవాళ మనం చూడగలుగుతున్నాం. ఈ ఊళ్లో పుట్టిన శ్రీశ్రీ 1930లలో రాసిన గీతాలు పుస్తకంగా వచ్చింది 1950లో. మధ్యలో ఆ కాగితాలు, ఆ పత్రికలు ఎవరో ఒకరు దాచబట్టే కదా పుస్తకమైంది. పెద్దవాళ్లకే అంతకాలం పట్టినప్పుడు మామూలువాళ్లం ఇంకెంత జాగ్రత్తపడాలి!

అచ్చయ్యాక అది పత్రికవాళ్లదైపోతుంది, మనం పుస్తకంలో వేసుకోకూడదేమో అని చాలామందికి భయం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం రాసినవాళ్లే మొదటి హక్కుదారు. పత్రికలో ఉద్యోగిగా ఉండి రాసినప్పుడు కూడా, వేరే ఒప్పందం లేకపోతే, పత్రికలో ప్రచురించే హక్కు వరకే యాజమాన్యానిది, మిగతా విషయాల్లో రచయితదే. ఆ హక్కు రచయిత పోయాక 60 ఏళ్ల దాకా వారసులకి ఉంటుంది. కాబట్టి సంతకం చేసేముందు ఒప్పందం చదవండి, చదివిన కాగితం కూడా ఈ ఫైలులోనే పెట్టండి. ఇంట్లో ఎవరైనా రాసేవాళ్లుంటే పిల్లలకి ఆ ఫైలు ఎక్కడుందో చెప్పి ఉంచాలి. పెద్దాయన పోయిన నెలకే పాత పేపర్లవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేసిన ఇళ్లు నాకు తెలుసు. వాళ్లని అనడానికి లేదు, ఏది ఏమిటో వాళ్లకెవరూ చెప్పలేదు.

ఇక మీకు నా విన్నపం. రాసేవాళ్లు ఎంత జాగ్రత్తపడినా కొంత పని పత్రికల చేతిలోనే ఉంది. 1974లో ఈనాడు మొదలైంది ఈ ఊళ్లోనే. పత్రికలకీ విశాఖకీ అంత దగ్గర సంబంధం ఉన్నప్పుడు, ఇక్కడి విలేకరులు, కంట్రిబ్యూటర్లు రాసింది ఇక్కడే దొరకాలి కదా. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం అచ్చయిన పుస్తకాలు, పత్రికలు చేరాల్సిన లైబ్రరీలు కోల్‌కతా, చెన్నై, ముంబై, ఢిల్లీలలో ఉన్నాయి. మన రాష్ట్రంలో ఒక్కటీ లేదు. గాజువాక అమ్మాయి ఒక జిల్లా పేజీ కోసం చెన్నై వెళ్లగలదా? మీ పత్రిక విశాఖ జిల్లా పేజీలు ఒక సెట్టు ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి, ఇంకో సెట్టు ఆంధ్ర విశ్వవిద్యాలయం వి.ఎస్. కృష్ణా లైబ్రరీకి, బైండు చేయడానికి వీలుగా క్రమం తప్పకుండా ఇప్పించగలరేమో ఆలోచించండి. మెయిన్ పేపర్ ఎక్కడో ఒకచోట దొరుకుతుంది, జిల్లా పేజీలే మాయమైపోతున్నాయి.

రెండోది, జిల్లా పేజీల్లో ప్రత్యేక కథనాలకైనా రాసినవాళ్ల పేరు వేయండి. పేరు వేయడం కుదరని వార్తలుంటాయి, అది అర్థం చేసుకోగలను. అలాంటప్పుడు ఏడాదికోసారి, ఫలానా తేదీల్లో ఫలానా కథనాలు వీరు రాసినవని డెస్క్ నుంచి ఒక ఉత్తరం ఇస్తే చాలు. ఉద్యోగాల వేటలో ఉన్న పిల్లలకి ఆ ఒక్క కాగితం ఎంత విలువైనదో నేను రోజూ చూస్తున్నాను. లెక్క కోసం తీసుకున్న కటింగుల జిరాక్స్ తిరిగి ఇచ్చినా మేలే.

కాలేజీల్లో తెలుగు, జర్నలిజం చెప్పే మాస్టార్లకి కూడా ఒక మాట. దిద్దిన వ్యాసాలు, పోటీలకి వచ్చిన వ్యాసాలు పిల్లలకి తిరిగి ఇచ్చేయండి. మొదటి ఏడాది నుంచే ఒక్కొక్కరి చేత ఒక ఫైలు పెట్టించండి, చివరి ఏడాదికి అందులోంచి మంచివి వాళ్లే ఏరుకుంటారు. మార్కులు కూడా దానికే వేస్తే ఇంకా బాగుంటుంది.

నా వంతుగా నేను చేయగలిగింది ఒకటుంది. ఆదివారాలు మా షాపుకి సెలవు. ఏ లైబ్రరీ అయినా ఒక బల్ల, ఒక ప్లగ్ పాయింట్ ఇస్తే నా ల్యాప్‌టాప్ తెచ్చుకుని కూర్చుంటాను. రాసేవాళ్లు తమ పాత అను ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే యూనికోడ్‌లోకి మార్చి ఇస్తాను, దిద్దుకోవడం వాళ్లు చూసుకోవాలి. డబ్బు అక్కర్లేదు. పెద్దవాళ్లు ముందు రావాలని నా కోరిక, వాళ్ల ఫైళ్లే తొందరగా పాడవుతున్నాయి. ఆసక్తి ఉన్న లైబ్రరీవాళ్లు మీ కార్యాలయానికి తెలియజేస్తే నా వివరాలు వారికి అందించగలరు.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్,
కంచరపాలెం, విశాఖపట్నం